ఓఎస్జీఐ మీద పడ్డ నింద

ఓఎస్జీఐ పేరెత్తితే పాత జావావాళ్ళు ఇప్పటికీ ఓ దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంటారు. "బండిల్ రిజాల్వ్ కాదు, దానికి కావలసింది తెచ్చిపెడితే అది ఇంకో రెండు అడుగుతుంది" అని అందరిదీ ఒకటే పాట. నన్నడిగితే ఈ నింద చాలావరకు అన్యాయం. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కెళ్ళాలి.

అసలిది సర్వర్ల కోసం పుట్టింది కాదు. 1999లో ఆ కూటమి ఏర్పడినప్పుడు వాళ్ళ చూపంతా ఇళ్ళలో పెట్టే గేట్‌వే పెట్టెల మీద. పెట్టె ఆపకుండానే ఒక సర్వీసు తీసి ఇంకోటి పెట్టాలి. అందుకే ప్రతి బండిలూ తనకేం కావాలో, తనేం ఇస్తుందో, ఏ వెర్షనో మానిఫెస్టులో రాసి తీరాలన్నారు. 2004లో ఎక్లిప్స్ 3.0 తన ప్లగిన్లన్నిటినీ దీనిమీదకు మార్చింది. ఆ తర్వాత మెల్లగా సర్వర్లలోకీ పాకింది.

మామూలు జావా వరస వేరు. క్లాస్‌పాత్ అంటే పొడుగాటి క్యూ. ఒకే క్లాసు రెండు జార్లలో ఉంటే ముందున్నదే గెలుస్తుంది. రెండోది ఉందని కూడా మనకెవరూ చెప్పరు.

వెబ్ సర్వీసుల దగ్గర ఈ తేడా బాగా బయటపడింది. 2006 డిసెంబర్లో వచ్చిన జావా 6, జాక్స్‌బీనీ జాక్స్-డబ్ల్యూఎస్‌నీ జేడీకేలోనే పెట్టేసింది. జేడీకేలో ఒక జాక్స్‌బీ, మనం తెచ్చుకున్న జార్లో ఇంకోటి. మన సర్వీసు ఒకదాన్నీ, అది వాడే లైబ్రరీ ఇంకోదాన్నీ పట్టుకుంటే, పేరొకటే అయినా జావా దృష్టిలో అవి రెండు వేర్వేరు క్లాసులు. ఎగుమతి చేసే ప్యాకేజీ పక్కన 'యూజెస్' అని రాసేది ఇందుకే. అలాంటి కలయికని రిజాల్వర్ ముందే అడ్డుకుంటుంది.

ఇక్కడే ఇంకో చిక్కుంది. జాక్స్‌బీ తన ఇంప్లిమెంటేషన్‌ని నడుస్తూ నడుస్తూ థ్రెడ్ కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్ ద్వారా వెతుక్కునేది. ఆ అవసరం ఏ మానిఫెస్టులోనూ ఉండదు. కాబట్టి రిజాల్వర్ పచ్చజెండా ఊపాక కూడా మొదటి రిక్వెస్టుకే సర్వీసు కూలబడేది. లెక్కలో రాయనిది లైబ్రరీ, తిట్లు తిన్నది ఓఎస్జీఐ! ఇలాంటి లైబ్రరీల కోసమే 2012లో సర్వీస్ లోడర్ మీడియేటర్ అనే స్పెసిఫికేషన్ తెచ్చారు. అప్పటికే చాలామంది విసిగిపోయారు.

అటు సన్ వాళ్ళు 2008లో జిగ్సా మొదలుపెట్టారు. జావా 7లో అన్నారు, 8లో అన్నారు, చివరికి 2017 సెప్టెంబర్లో 9తో వచ్చింది. ఆ ఏడాది మే నెల ఓటింగులో 13-10 తేడాతో ఓడిపోయి, జూన్‌లో గట్టెక్కింది. ఇంతాచేసి అందులో వెర్షన్ల ఎంపిక లేదు. ఆ పని బిల్డ్ టూల్స్‌కే వదిలేశారు. ఈలోగా 2014లో స్ప్రింగ్ బూట్ వచ్చింది, అన్నీ ఒకే జార్లో కుక్కేసి జనం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఆ హాయి ఎంతకాలం? 2018లో జావా 11 నుంచి జాక్స్‌బీని తీసేశారు. ఓఎస్జీఐ గాలి కూడా సోకనివాళ్ళకి సరిగ్గా అదే 'క్లాస్ దొరకలేదు' ఎర్రర్ ఎదురైంది. 2021 డిసెంబర్లో లాగ్4జే లోపం బయటపడ్డప్పుడు, అది తమ సర్వీసులో ఏ జార్ కడుపులో ఏ జార్‌గా దాక్కుందో వెతకడానికే ఎన్నో టీములకి రాత్రుళ్ళు గడిచిపోయాయి.

ఓఎస్జీఐలో లోపాల్లేవని కాదు. మానిఫెస్టు లేని లైబ్రరీలను ఎవరికి వారే చుట్టుకోవాల్సొచ్చేది. ఇక ఆ ఎర్రర్ మెసేజీలు చదవడం మానవమాత్రుల వల్ల కాదు. కానీ అప్పు పద్దులో రాయనంత మాత్రాన అప్పు లేనట్టు కాదు కదా! పద్దు రాయమన్నవాణ్ణి మనం అప్పులవాడిలా చూశాం.

ఇప్పుడు కొత్త సర్వీసుకి ఓఎస్జీఐ వాడమని నేను చెప్పను. డిప్లాయ్ చేసేముందు మావెన్ చేత ఒక్కసారి డిపెండెన్సీ ట్రీ తీయించి చూడండి, చాలు. మీరు పేరు కూడా వినని జార్లు అందులో ఎన్నున్నాయో లెక్కపెట్టండి.