సారాయంగడియు, ప్రచారమును

పత్రికలు వ్రాసినంతమాత్రమున, కళాజాతలు పాడినంతమాత్రమున త్రాగుబోతు త్రాగుడు మానునా యని మనలో ననేకులు సంశయింతురు. ఆ సంశయము నిరాధారము కాదు. అయినను అనంతపురమండల చరిత్రను పరిశీలించినచో, ఏ మాట పనిచేసినదో, ఏ మాట గాలిలో కలిసినదో కొంతవరకు తెలియగలదు.

వానకరవు గల యీ పీఠభూమిలో కూలిడబ్బు సారాయంగడికి చేరిన దినమున ఇంట పొయ్యి వెలుగదు. కావుననే ఇచ్చట మద్యనిషేధము నీతిచర్చ కాక అన్నపు ప్రశ్న యైనది. 1921 సెప్టెంబరులో గాంధీమహాత్ముడు తాడిపత్రికి విచ్చేసిన కాలమున, ఆంధ్రదేశమున పలుతావుల కల్లుపాటలను బహిష్కరింపుడని సభలు జరుగుచుండెను. రాజాజీ మంత్రివర్గము 1937 లో సేలమునందును, మరుసటి యేట అనంతపురమునకు పొరుగుననున్న కడప, చిత్తూరు మండలములందును నిషేధమును నెలకొల్పెను. 1948 అక్టోబరు 2 నాటికి చెన్నరాజధాని యంతయు దానికి లోబడెను. ఉపన్యాసమునకు శాసనము తోడైనది; కాని చాటుమాటున సారా కాచుట నిలువలేదు.

తరువాతి కథ విచిత్రమైనది. 1980 దశకమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వమే ‘వారుణివాహిని’ యను పేర సారాను పొట్లములలో నింపి పల్లెలకు పంపెను. ఇంతకు మించిన ప్రచార మేమున్నది? 1970-71 లో 39 కోట్ల రూపాయలుగా నున్న ఎక్సైజు రాబడి 1991-92 నాటికి 812 కోట్లయ్యెను.

దీనికి అడ్డు అనంతపురమున గాక నెల్లూరుమండలమున పుట్టినది. అక్షరాస్యతోద్యమపు రాత్రిబడులలో స్త్రీలు, సారావలన చెడిన యొక కాపురపు కథను పాఠముగా చదివిరి. దూబగుంట గ్రామస్త్రీలు అది తమ కథయే యని గ్రహించి అంగడిని మూయించిరి. ఆ గ్రామపు రోశమ్మ పేరు రాష్ట్రమంతట వినబడెను. 1992 లో ‘ఈనాడు’ దినపత్రిక యీ వార్తలకు ప్రత్యేకముగా నొక పుటను కేటాయించగా, ఉద్యమము రాయలసీమకును ప్రాకెను. పత్రిక చేసిన మేలును మేము తక్కువ చేయము. అయినను మా యభిప్రాయమున పాఠమే ముందు. పత్రిక వార్తను మోసికొనిపోయినది. పాఠమునైతే పదిమంది కలిసి చదివి, చర్చించి, మరునాడు కలిసియే వీథిలోనికి వచ్చిరి. 1993 అక్టోబరు 1 న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చి, 1997 లో సడలిపోయెను.

అనంతపురసీమకు మరియొక చిక్కు కలదు. మడకశిరకు మూడువైపుల కర్ణాటకమే. అచ్చట సారా అమ్మకము 2007 జూలై 1 వరకు చట్టసమ్మతమై యుండెను. తెలుగుపత్రిక ఆ యంగడివానిని కదల్చజాలదు. ఊరిగోడమీది నినాదము ఎంత పెద్ద యక్షరములతో నున్నను, ఎల్ల దాటి పొట్లము కొని ప్రొద్దు గ్రుంకునంతలో ఇల్లు చేరుట యేమంత కష్టము కాకుండెను.