దినమున కొక్క పదము: అన్నమాచార్యుల నిత్యచింతన

మనవారి నిత్యజీవితమున ఆత్మచింతనకు ఒక వేళ యుండెడిది. తెల్లవారుజామున మేలుకొలుపు, స్నానానంతరము స్తోత్రము, సంధ్యవేళ దీపము ముందు ఒక శతకపద్యము, రాత్రి భజన. ఇట్లు దినమును భాగించుకొని, ప్రతిభాగమునందును మనస్సును ఒక్కసారి లోపలికి త్రిప్పుకొనుట ఇంటింటి యలవాటు. ఈ యలవాటును వట్టి ఆచారమని తేలికగా తలచువారు కలరు. ప్రేమయు కృతజ్ఞతయు హృదయమున తమంతట పుట్టవలసినవే గాని వేళ చూచి పుట్టించుకొనదగినవి కావని వారి వాదము. ఈ వాదమునకు ఉత్తరమును తర్కమున కంటె చరిత్రమున వెదకుట మేలు. ఏలయన, తెలుగుదేశమున ఒక మహాకవి తన భక్తిని దినక్రమమునకు లోబఱచి డెబ్బదియెనిమిది సంవత్సరములు నడచినాడు. ఆ నడకకు రాగిరేకులు సాక్ష్యము. ఆ రేకులలోని పాటలకు మరల గొంతు నిచ్చిన పెద్దలలో ఒకరు కన్నడదేశమున పెక్కేండ్లు తెలుగు బోధించి, తుదకు బెంగుళూరున కన్ను మూసిరి. కావున ఈ కథ బెంగుళూరు తెలుగువారికి దూరపు కథ కాదు.

ఆ కవి తాళ్ళపాక అన్నమాచార్యులు. ఆయన క్రీ. శ. 1408లో జన్మించెనని పలువురు పండితుల మతము. తిరుమల రాగిరేకులలో మొదటి రేకున చెక్కిన వాక్యము ఆయన రచనాకాలమును స్పష్టముగా తెలుపుచున్నది. పదునాఱేండ్ల ప్రాయమున ఆయనకు వేంకటేశ్వరుడు ప్రత్యక్షమయ్యెననియు, నాటినుండి శాలివాహన శకము 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వఱకు ఆయన సంకీర్తనములు విన్నవించెననియు అందలి సారాంశము. రేకు పేర్కొన్న తొలి సంవత్సరము శకము 1346, క్రోధి. అనగా క్రీ. శ. 1424 మొదలు 1503 వఱకు ఆ రచన సాగినది.

ఇక ఆయన మనుమడైన చిన్నన్న ద్విపదలో వ్రాసిన అన్నమాచార్య చరిత్రము, తాతగారి సంకీర్తనముల సంఖ్య ముప్పదిరెండువేలని చెప్పుచున్నది. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. డెబ్బదియెనిమిది సంవత్సరములలో దినములు సుమారు 28,500. పాటలు 32,000. అనగా ఎనిమిది దినములకు తొమ్మిది పాటలు. దినమునకు ఒక్క సంకీర్తనమునకు తగ్గరాదను నియమమును అన్నమాచార్యులు తాను పాటించి, తన తరువాత పాటింపుమని కుమారుడు పెదతిరుమలాచార్యులకు అప్పగించెనని తాళ్ళపాకవారి సంప్రదాయము. అంకెలు ఆ సంప్రదాయమునకు చక్కగా సరిపడుచున్నవి. గొప్పసంఖ్యను జూచి మనము ఆశ్చర్యపడుదుము గాని, ఆ సంఖ్య వెనుక నున్నది అద్భుతము కాదు, అలవాటు. పండుగనాడును, జ్వరము తగిలిననాడును, మనస్సు పలికిననాడును పలుకనినాడును ఒక్క పదము. అంతే.

ఈ నిత్యవిన్నపములలో ఏమి కలదు? రేకులను చెక్కించినవారు వానిని అధ్యాత్మ సంకీర్తనములనియు శృంగార సంకీర్తనములనియు రెండుగా విభజించిరి. అధ్యాత్మ సంకీర్తనములలో కవి ఎక్కువగా తన్ను తానే విచారించుకొనును. నిన్న చేసిన నిశ్చయము నేడు సడలినదని వగచును. కోరికలకు లొంగిన మనస్సును మందలించును. మఱునాడు మరల అదే మనస్సును బుజ్జగించును. ఒక పదమున రాజునకు గాని సేవకునకు గాని నిద్ర ఒక్కటియే యని, బ్రాహ్మణుడు మెట్టినను చండాలుడు మెట్టినను నేల ఒక్కటియే యని తేల్చును. శృంగార సంకీర్తనములలో ప్రేమ వేఱొక రూపము దాల్చును. అలుక, ఎదురుచూపు, కలయిక, దెప్పిపొడుపు, ఇట్లు లోకమున ఇల్లాలికి తెలిసిన భావములన్నియు అలమేలుమంగ నోట పలుకును. ఇవిగాక జోల, లాలి, సువ్వి, గొబ్బి, చందమామ మొదలైన పల్లెపాటల బాణీలను ఆయన చేపట్టెను. వడ్లు దంచు స్త్రీయు, బిడ్డను ఊపు తల్లియు పని మాని ధ్యానమునకు కూర్చుండ నక్కఱలేదు. పని నడుమనే చింతన నడచునని ఈ యెన్నికలోని భావము.

ఇంత రచనలో చెప్పిన విషయమే మరల మరల వచ్చుచున్నదని విమర్శించువారు లేకపోలేదు. ఆ మాట నిజమే. కాని దానిని దోషముగా నెంచుట, గ్రంథమును చదువు దృష్టితో నిత్యానుష్ఠానమును కొలుచుట యగును. కావ్యమున ఒక భావము రెండవసారి వచ్చిన పునరుక్తి. దినచర్యలో అట్లు కాదు. ఒకనాడు తుడిచిన యింటిని మఱునాడు తుడుచుట పునరుక్తి యని యే యిల్లాలును అనుకొనదు. మనస్సున దుమ్ము చేరుట ఎట్లు నిత్యమో, దులుపుటయు అట్లే నిత్యము. అంతరంగమున కలుగు ఎదుగుదల మెట్లెక్కుట వంటిది గాక, ఇల్లు వాకిలి చూచుకొనుట వంటిదని ఈ పునరావృత్తి మనకు నేర్పుచున్నది.

కృతజ్ఞత విషయమున చిన్నన్న చెప్పిన ఒక కథ స్మరణీయము. సాళువ నరసింహరాయలు పెనుగొండలో అన్నమాచార్యుల శృంగారపదమును విని మురిసి, అట్టిదే తనపై నొకటి చెప్పుమని కోరెను. కవి చెవులు మూసికొని నిరాకరించెను. రాజు సంకెల వేయించెను. కవి స్వామిని వేడగా సంకెల ఊడిపడెను. సంకెల యూడిన వృత్తాంతమును ఎవరి విశ్వాసమున కది విడిచినను, నిరాకరణము మాత్రము ఆలోచింపదగినది. ఆ రాజు ఆయనకు మిత్రుడు, సన్మానించినవాడు. అతనియెడ కవికి గౌరవము లేకపోలేదు. ఐనను నిత్యమును సమర్పించు ఆ యొక్క పదము మాత్రము లాభమునకు మాఱకము కాదు. ప్రతిఫలముతో ముడిపడిననాడు కృతజ్ఞత కృతజ్ఞతగా మిగులదని ఆయన యెఱిగి యుండెను.

అన్నమాచార్యులు తన పాటలనన్నిటిని స్వామి పాదములకు పూజాపుష్పములుగా అప్పగించుచు చెప్పిన పదమొకటి సుప్రసిద్ధము. తమ్ము కాపాడుటకు వానిలో నొక్కటి చాలుననియు, మిగిలినవి స్వామి కోశమున నుండనిమ్మనియు అందలి వేడికోలు. చరిత్రము ఆ వేడికోలును అక్షరాల చెల్లించినది. పెదతిరుమలాచార్యుల కాలమున పాటలు రాగిరేకుల కెక్కెను. తిరుమల ఆలయమున సంకీర్తన భాండాగారము వెలసెను. ఆ పిమ్మట కాలము మాఱినది. రేకులు భాండాగారమున నిలిచినవి; పాటలలో పెక్కింటికి పాడు గొంతులు కఱవైనవి. 1816లో కాంబెల్ దొర తన తెలుగు వ్యాకరణమున ఈ రేకుల ప్రస్తావన చేసెను. వానిలో వ్యాకరణ మున్నదని విని ప్రతి వ్రాయించి చూడగా దేవునిమీది పాటలు కనబడెనట. 1922 ప్రాంతమున దేవస్థాన శాసనపరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు రేకులను వెలికి తెచ్చి తిరుపతి చేర్చిరి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిశోధించి ప్రచురణకు పూనుకొనిరి. 1950లో శాస్త్రిగారు దివంగతులైన పిదప ఆ భారమును వహించినవారిలో ముఖ్యులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు.

శర్మగారు 1893లో అనంతపురము సీమలోని రాళ్ళపల్లిలో జన్మించిరి. 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా చేరి నాలుగు దశాబ్దములకు చేరువగా అచటనే బోధించిరి. కన్నడదేశమున, కన్నడము మాటలాడు వీథుల నడుమ, తెలుగు చెప్పుట ఆయన జీవనవృత్తి. వేమనపై ఆయన యిచ్చిన ఉపన్యాసములు గ్రంథరూపమున నేటికిని పండితుల మన్నన కెక్కియున్నవి. సంగీతము ఆయనకు సాహిత్యముతో సమానమైన రెండవ కన్ను. ఉద్యోగవిరమణానంతరము తిరుపతి చేరి రేకులను పట్టినపుడు ఆ రెండు కన్నులును అవసరమయ్యెను.

ఏలయన, రేకుపై ప్రతిపాటకును రాగము పేరు కలదు. స్వరము లేదు, తాళము లేదు. రాగములలోను కొండమలహరి, దేసాళము వంటి కొన్ని నేటి కచేరీలలో వినరానివి. కావున పాడదలచినవాడు ముందుగా పాటను చదివి, మాట యెచట విఱుగుచున్నదో, ప్రాస యెచట పడుచున్నదో, భావము ఏ పదముపై నిలువవలెనో గ్రహించి, అందుండి తాళమును రాబట్టవలెను. పిదప రాగమును మాటకు దాసిగా గాక చెలిగా నడపవలెను. ఈ పద్ధతిని శర్మగారు వందకు పైగా సంకీర్తనములకు స్వరరచన చేసిరి. ఒక్కొక్క పాటతో దినములు గడపిన ఆ ఓర్పు, దినమున కొక్క పాట చెప్పిన కవికి తగిన కృతజ్ఞత. మద్రాసు సంగీతవిద్వత్సభ ఆయనను 1974లో సంగీతకళానిధి బిరుదముతో గౌరవించెను. శర్మగారు తుది సంవత్సరములను బెంగుళూరున గడపి, 1979 మార్చి 11న ఇచటనే పరమపదించిరి.

ఈ ప్రాంతమునకు ఇట్టి నిత్యచింతన క్రొత్త కాదు. పురందరదాసు మొదలైన హరిదాసులు కన్నడమున పదములు పాడుచు ఇంటింట తిరిగిరి. బెంగుళూరునకు ఈశాన్యమున, నేటి చిక్కబళ్ళాపుర జిల్లాలోని కైవారమున, గాజులు అమ్ముకొని జీవించిన నారాయణప్ప తత్త్వములు పాడి కైవారము తాతయ్యగా పూజలందుకొనెను. ఆయన తెలుగునను కన్నడమునను అమరనారేయణ ముద్రతో పాడెను. ఆయనకు భాషలు రెండు, చింతన ఒక్కటి. తెలుగు పదమును కన్నడ పొరుగువాడును, కన్నడ పదమును తెలుగు పొరుగువాడును తనదిగా పాడుకొనుట ఈ నేల మర్యాద.

ఇక నేటి స్థితిని చూడవలెను. బెంగుళూరులో అన్నమాచార్యుల పాట వినబడని వేంకటేశ్వరాలయము అరుదు. సంగీతము నేర్చు బాలికలు ఆ పాటలను చక్కగా పాడుచున్నారు. కాని తెలుగు ఇండ్ల పిల్లలలో పెక్కుమంది వానిని కన్నడలిపిలోనో ఆంగ్లలిపిలోనో వ్రాసికొని పాడుచున్నారు. ఏ లిపియైనను తప్పు కాదు. పాట నాలుకపైకి వచ్చుటయే భాగ్యము. లోటు వేఱొకచోట నున్నది. పాడిన మాటకు అర్థ మడిగినచో పిల్లవాడు తల్లివైపు చూచును, తల్లి అత్తగారివైపు చూచును. తిరుమల భాండాగారమున మాట నిలిచి రాగము మూగవోయినది. నేడు మన యిండ్లలో రాగము నిలిచి మాట మూగవోవుచున్నది. మొదటి మౌనమును భేదించుటకు ఒక శాసనపరిశోధకుడు, ఒక పండితుడు, ఒక సంగీతజ్ఞుడు వలసివచ్చిరి. రెండవ మౌనమును భేదించుటకు అంతటివారు అక్కఱలేదు. ఇంటిలో తెలుగు తెలిసిన పెద్ద ఒకరును, పావుగంట తీఱికయు చాలును.

అర్థము తెలియక పాడినను పుణ్యమే యని కొంద ఱందురు. పుణ్యము మాట యెట్లున్నను, ఆత్మవిచారము మాత్రము అర్థము లేక సాగదు. నిన్నటి తప్పును నేడు ఒప్పుకొనుట, పొందిన మేలును పేరు పెట్టి తలచుకొనుట, తనకంటె తక్కువవాడని తలచినవానిని తనతో సమానునిగా చూచుట, ఇవి రాగముతో మాత్రమే జరుగు పనులు కావు. వీనికి మాట కావలెను. ఆ మాట మనస్సు ఏ భాషలో తనతో తాను పలుకునో ఆ భాషలో నుండిన మఱింత మేలు. సంఘములు ఏటేట జరుపు ఉత్సవములు కొనియాడదగినవే. కాని సంవత్సరమున కొక్కనాటి ఉత్సవము, దినమున కొక్కటిగా పుట్టిన పాటలకు పూర్తిగా తగిన గౌరవము కాజాలదు.

ముప్పదిరెండువేలలో నేడు మనకు దక్కినవి దాదాపు పండ్రెండువేలు. దినమున కొక్క పదమును అర్థముతో చదివినచో అన్నియు ముగియుటకు ముప్పదిమూడేండ్లు పట్టును. అది ఒక తరము కాలము. తల్లి మొదలిడినచో బిడ్డ ముగింపవచ్చును. అంతవఱకు పోలేనివారు వెనుదీయ నక్కఱలేదు. ఒక్క పదము చాలునని చెప్పినవాడు అన్నమాచార్యులే. ఆ యొక్కటి యేదో యెన్నుకొని, అర్థము తెలిసికొని, నేటి సంధ్యవేళ దీపము ముందు చదువుటతో ఆ తరము మొదలగును.