కోవిడ్ తర్వాతి నీరసం, కిడ్నీ రోగి పాత రిపోర్టు

లాంగ్ కోవిడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచనం ఇచ్చింది. వైరస్ సోకిన మూడు నెలల నాటికి లక్షణాలు ఉండాలి, కనీసం రెండు నెలలు సాగాలి, వాటికి వేరే జబ్బు కారణం కాకూడదు. ఈ చివరి షరతు దగ్గరే కిడ్నీ రోగి లెక్కలోంచి జారిపోతాడు. నీరసం, ఆయాసం, నిద్రలేమి, ఒళ్లునొప్పులు డయాలసిస్ మీద ఉన్నవారికి ముందునుంచీ ఉన్నవే. కొత్తగా ఏం చేరిందో తేలాలంటే వైరస్‌కు ముందు మనిషి ఎలా ఉన్నాడో తెలియాలి. గోదావరి డెల్టాలోని పెనుగొండ లాంటి చోట ఈ పరిశోధన పాత రిపోర్టుల వెతుకులాటతో మొదలవాలన్నది ఈ వ్యాసం వాదన.

అమెరికా మాజీ సైనికుల రికార్డుల ఆధారంగా జియాద్ అల్-అలీ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ కీలకం. కోవిడ్ నుంచి బయటపడ్డ 89,216 మందిలో కిడ్నీ వడపోత సామర్థ్యం కోవిడ్ రానివారిలో కంటే వేగంగా పడిపోయింది. ఐసీయూలో ఉన్నవారిలో నష్టం ఎక్కువ. ఆసుపత్రిలో చేరనివారిలోనూ కొంత కనిపించింది. అయితే వారిలో అత్యధికులు పెద్దవయసు మగవారు. ఆ అంకెలను తెచ్చి గోదావరి డెల్టా రైతుకూలీలకు అంటించలేం.

మన దగ్గర కొలతలోనే ఒక చిక్కుంది. కిడ్నీ పనితీరును అంచనా వేయడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. వారాల తరబడి మంచం పట్టి, స్టెరాయిడ్లు వాడి, కండ కరిగిన మనిషికి క్రియాటినిన్ తగ్గుతుంది. రిపోర్టు చూసి కిడ్నీ కోలుకుందనుకుంటారు. నిజానికి తగ్గింది కండ. సిస్టాటిన్-సి పరీక్ష కండరాల మీద అంతగా ఆధారపడదు కానీ స్టెరాయిడ్లు, ఇన్‌ఫ్లమేషన్ సిస్టాటిన్-సి స్థాయిని పెంచుతాయి. డయాలసిస్ రోగికి ఇదే ఇబ్బంది డ్రై వెయిట్ రూపంలో వస్తుంది. అదనపు నీరంతా తీశాక ఉండాల్సిన బరువది. జబ్బుపడి ఒళ్లు తగ్గినా పాత అంకెనే పెట్టుకుంటే, తగ్గిన కండ స్థానంలో నీరు మిగిలిపోతుంది. కాళ్లు వాస్తాయి, పడుకుంటే ఆయాసం వస్తుంది. ఊపిరితిత్తులకు స్కానింగ్ రాసేముందు బరువు లెక్క సరిచూడటం చవక.

చికిత్స మిగిల్చిన నష్టాన్నీ వైరస్ ఖాతాలో వేయకూడదు. 2021లో బ్లాక్ ఫంగస్‌కు వాడిన ఆంఫోటెరిసిన్-బి కిడ్నీని దెబ్బతీయగల మందే. నొప్పులకని ఆర్‌ఎంపీ దగ్గర నెలల తరబడి వాడే డైక్లోఫెనాక్ సంగతి సరేసరి!

డయాలసిస్ రోగికి కాగితాలకు కొదవ ఉండదు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కాగితాలు, 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను, వారానికి రెండు మూడు సార్లు రాసే బరువు, బీపీ, అన్నీ ఫైల్లో ఉంటాయి. ఆధారం లేనిది ఇంకా డయాలసిస్ దాకా రాని మధ్యదశ రోగికి. పెనుగొండలోనైనా, ఆ మండలంలోని సిద్ధాంతం ఊళ్లోనైనా షుగరు కోసం మందులు వాడే మనిషికి 2019 నాటి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అంకెలు దొరికితే అదే అదృష్టం. షుగరు, బీపీ రోగుల పాత ప్రిస్క్రిప్షన్లు, తణుకు, భీమవరం ల్యాబుల కంప్యూటర్లలోని రిపోర్టులు, కోవిడ్ డిశ్చార్జి సమ్మరీలు రోగి అనుమతితో ఒకచోట చేర్చాలి. వయసు, షుగరు సరిపోలే కోవిడ్ రాని మనిషి కూడా పోలికకు కావాలి. పరీక్షే చేయించుకోకుండా కోవిడ్ దాటేసిన వాళ్లు ఎందరో కాబట్టి, అలాంటి మనిషిని వెతికి పట్టుకోవడమే అన్నిటికన్నా కష్టమైన పని.