కిలికి భాష, మన ఇంటి భాష



2015 జూలైలో 'బాహుబలి' చిత్రం విడుదలైంది. తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి తీసిన చిత్రం అది. మన సరిహద్దు ఊళ్లలో కొందరు దాన్ని తెలుగులో చూశారు, కొందరు తమిళంలో చూశారు, రెండింటిలోనూ చూసినవాళ్లూ లేకపోలేదు. అయితే ఏ భాషలో చూసినా మారని మాటలు కొన్ని అందులో ఉన్నాయి. మాహిష్మతి మీదికి దండెత్తి వచ్చిన కాలకేయుల మాటలవి. ఆ భాష పేరు కిలికి. అది ఏ జాతికీ తాతముత్తాతల నుంచి వచ్చిన భాష కాదు. ఒక మనిషి కూర్చుని కల్పించిన భాష.

ఏ భాషను గురించైనా మూడు ప్రశ్నలు అడగవచ్చు. అది ఎంత మేర వ్యాపించింది? సంఘంలో, ప్రభుత్వంలో దాని హోదా ఏమిటి? దాని వ్యాకరణం ఎటువంటిది? ఇవాళ్టి ప్రసంగంలో ఈ మూడు ప్రశ్నలనూ ముందు కల్పిత భాషలను అడిగి, తర్వాత మన ఇంట్లో మాట్లాడుకునే తెలుగును అడుగుదాం.

కిలికిని కూర్చినవారు తమిళ కవి మదన్ కార్కి. ఆయన వైరముత్తు గారి కుమారుడు. 'బాహుబలి' తమిళ రూపానికి సంభాషణలు రాసినవారూ ఆయనే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రంలో పరిశోధన చేసే రోజుల్లో, పిల్లలను ఆడించడానికి ఆయన 'క్లిక్' అనే చిన్న భాష ఒకటి అల్లారు. తర్వాత కాలకేయుల కోసం ఒక కొత్త భాష కావలసి వచ్చినప్పుడు ఆ ఆట భాషే పెరిగి పెద్దదై కిలికి అయింది. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు ఉన్నాయని అప్పటి పత్రికలు రాశాయి. అందులో 'మిన్' అంటే నేను, 'నిమ్' అంటే నువ్వు. ఒకదాన్ని తిరగేస్తే రెండోది వస్తుంది. ఎదురెదురుగా ఉండే అర్థాలకు మాటను తిరగేయడం ఆ భాషలో ఒక పద్ధతి. నాలుకతో చేసే 'టక్' అనే చప్పుళ్లకు కూడా అందులో చోటుంది.

ఇక హోదా సంగతి. కథలో కిలికి శత్రువుల భాష. మాహిష్మతి వాళ్లకు అది అర్థం కాదు, వినగానే భయం పుట్టాలి. ఇది కొత్త సంగతేమీ కాదు. పూర్వం గ్రీకులు తమ భాష రాని వాళ్లందరినీ 'బార్బరోస్' అన్నారు. వాళ్ల మాటలు గ్రీకుల చెవికి 'బర్ బర్' మని వినిపించాయట, అందుకని ఆ పేరు. మన సంస్కృతంలో 'మ్లేచ్ఛ' శబ్దానికి మూలార్థం కూడా స్పష్టంగా పలకనివాడు అనే. మనకు తెలియని భాష మోటుగా తోచడం మనుషుల పాత బలహీనత.

వ్యాప్తి మాట కూడా చెప్పుకోవాలి. సినిమా ఆడినన్నాళ్లూ పిల్లలు కాలకేయ నాయకుణ్ణి అనుకరించి ఆడుకున్నారు. గాయని స్మిత కిలికిలో ఒక పాట పాడారు. 2020 ఫిబ్రవరి 21న, అంటే అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు, ఆ భాషకు లిపిని కూర్చి, మాటలు పెంచి, నేర్చుకోదలచిన వారి కోసం ఒక వెబ్‌సైటు తెరిచారు. కానీ కిలికిలో సంతకు పోయి బేరమాడేవాళ్లు లేరు. కిలికిలో బిడ్డకు జోల పాడే తల్లి లేదు.

కల్పిత భాష జనంలోకి నడిచిన సందర్భం మరొకటి ఉంది. అది ఎస్పరాంటో. దాన్ని సృష్టించిన లుడ్విక్ జామెన్‌హాఫ్ 1859లో బియాలిస్టాక్ అనే ఊళ్లో పుట్టాడు. ఆనాడు అది రష్యా సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు పోలండులో ఉంది. ఆ ఊళ్లో యూదులు, పోలండువాళ్లు, రష్యన్లు, జర్మన్లు ఎవరి భాష వాళ్లు మాట్లాడేవారు. భాష వేరైతే మనసులూ వేరయ్యేవి, వీధుల్లో కొట్లాటలు జరిగేవి. అందరికీ సమానంగా చెందే భాష ఒకటి ఉంటే ఈ తగవులు తీరవా అని ఆ పిల్లవాడు ఆలోచించాడు. పెద్దయి కంటి వైద్యుడయ్యాక, 1887లో వార్సాలో తన భాషను పుస్తకంగా అచ్చు వేయించాడు. పుస్తకం మీద పెట్టుకున్న పేరు 'డాక్టర్ ఎస్పరాంటో', అంటే ఆశ గల వైద్యుడు. ఆ పేరే భాషకు నిలిచిపోయింది.

దాని వ్యాకరణం 16 సూత్రాలు. నామవాచకాలన్నీ ఓకారంతో ముగుస్తాయి, విశేషణాలు ఆకారంతో, క్రియా విశేషణాలు ఏకారంతో. 'బోన' అంటే మంచి. ముందు 'మల్' చేర్చి 'మల్‌బోన' అంటే చెడ్డ. మినహాయింపులు లేవు. అంత సులువైన భాష ఎన్నో దేశాలకు పాకింది. 1920లలో నానాజాతి సమితి దాకా వెళ్లింది. ఫ్రాన్సు గట్టిగా వ్యతిరేకించడంతో అక్కడ ఆగింది. 1954లో యునెస్కో ఎస్పరాంటోను గుర్తిస్తూ తీర్మానం చేసింది. అయితే భాష మీద పగ మనుషుల మీదికి కూడా మళ్లింది. హిట్లరు కాలంలో, స్టాలిను కాలంలో ఎస్పరాంటో నేర్చినవాళ్లను వేధించారు. జామెన్‌హాఫ్ 1917లోనే చనిపోయాడు గాని, ఆయన పిల్లలు ముగ్గురూ నాజీల చేతుల్లో హతమయ్యారు. అయినా భాష చావలేదు. ఈనాటికీ ఎస్పరాంటోలో పుస్తకాలు వస్తున్నాయి, ఏటేటా సభలు జరుగుతున్నాయి. చిన్ననాటి నుంచీ ఇంట్లోనే పిల్లలకు ఆ భాష నేర్పే కుటుంబాలూ కొన్ని ఉన్నాయి.

కథల కోసం పుట్టిన భాషల్లో అమెరికావారి క్లింగాన్ ఒకటి. ఒక అంతరిక్ష కథా చిత్రం కోసం మార్క్ ఓక్రాండ్ అనే భాషా శాస్త్రవేత్త దాన్ని తయారు చేశారు. 1985లో నిఘంటువు కూడా వచ్చింది. ఒక తండ్రి తన కొడుకుతో మూడేళ్లపాటు ఆ భాషే మాట్లాడి చూశాడు. ఇంట్లో రోజూ వాడే వస్తువులకే అందులో మాటలు కరువు. తండ్రి తప్ప మరెవరూ ఆ భాషలో పలకరించరు. చివరికి పిల్లవాడే దాన్ని వదిలేశాడు.

శ్రోతలారా, ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మాటలు చేర్చవచ్చు, సూత్రాలు రాయవచ్చు, లిపి గీయవచ్చు. అవన్నీ ఒక మనిషి వల్ల అయ్యే పనులే. కానీ ఒక భాష నిలవాలంటే తండ్రి ఒక్కడు మాట్లాడితే చాలదు. వీధి మాట్లాడాలి, తోటి పిల్లలు మాట్లాడాలి, బడి మాట్లాడాలి. ఈ మాట మనసులో పెట్టుకుని మన తెలుగు దగ్గరికి వద్దాం.

మన సీమ కూడా బియాలిస్టాక్ వంటిదే. హోసూరు సంతలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. ఒక రైతు తెలుగులో ధర అడిగితే వ్యాపారి తమిళంలో చెబుతాడు, పక్కనున్నవాడు కన్నడంలో నవ్వుతాడు. బేరం కుదురుతుంది. జామెన్‌హాఫ్ కలగన్నది ఒకే భాషతో కలిసిపోవడం. మనవాళ్లు అలవాటు చేసుకున్నది నాలుగు భాషలతో కలిసి బతకడం.

మన తిండి పేర్లు చూడండి. మనం రాగి సంగటి అంటాం, తమిళులు కళి అంటారు, కన్నడిగులు ముద్దె అంటారు. ముద్ద ఒకటే, పేర్లు మూడు. అదే చలికాలంలో అనపకాయలు ఒలిచి, నానబెట్టి, పితికి చేసే పప్పును మనం పితుకుపప్పు అంటాం. తమిళంలో పితుక్కు పరుప్పు, కన్నడంలో హితకిద బేళె. ఇక్కడ పేరు కూడా ఒకటే, పకారం మాత్రం కన్నడంలో హకారమైంది. పాలు హాలైనట్టు, పులి హులి అయినట్టు. ఈ చుట్టరికాన్ని 1816లోనే మద్రాసులో ఎల్లిస్ దొర ఋజువులతో చూపించాడు. క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ, తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానికి చెందినవని చెప్పాడు.

ఇక వ్యాకరణం. "మనం పోదాం" అంటే ఎదుటివాణ్ణి కలుపుకున్నట్టు. "మేము పోతాం" అంటే వాణ్ణి విడిచిపెట్టినట్టు. తమిళంలోనూ 'నామ్', 'నాంగళ్' అని ఈ భేదం ఉంది. ఈనాటి కన్నడంలో రెంటికీ 'నావు' ఒక్కటే. మనం "అక్క వచ్చింది" అంటాం, "ఆవు వచ్చింది" అంటాం, క్రియ ఒకటే. తమిళంలో అక్కకు ఒక క్రియ, ఆవుకు మరొక క్రియ. మన పక్క "చేస్తా ఉండాడు", "యాడికి పోతా ఉండావు" అంటాం. కోస్తావారు "చేస్తున్నాడు", "ఎక్కడికి వెళ్తున్నావు" అంటారు. రెండింటికీ వాటి వాటి నియమాలున్నాయి. ఈ నియమాలను ఏ కవీ కూర్చోలేదు, ఏ డాక్టరూ అచ్చు వేయించలేదు. అవ్వలూ తాతలూ మాట్లాడుతూ మాట్లాడుతూ పెంచారు. చిన్నయసూరి 1858లో 'బాలవ్యాకరణం' వెలువరించే నాటికే భాష వందల ఏళ్లుగా నడుస్తూ ఉంది, వ్యాకరణం దాని వెంట నడిచింది. ఆ చిన్నయసూరి ఈ తమిళదేశపు పెరుంబూదూరు వాడే, మద్రాసులో పండితుడుగా పనిచేసినవాడే.

అందువల్ల ఆంధ్రలో బంధువుల ఇంటికి పోయినప్పుడు ఎవరైనా "మీది అరవ తెలుగు" అని నవ్వితే తల వంచుకోనక్కరలేదు. అది తప్పుల తెలుగు కాదు, ఈ నేల తెలుగు. పరాయి యాసను చూసి నవ్వేవాడు ఆ పాత గ్రీకుల పనే చేస్తున్నాడు.

మరి హోదా? ఇక్కడే మన కష్టం ఉంది. 1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను బారామహల్‌ను కుంపిణీకి వదులుకున్నాడు. తర్వాత ఈ సీమ సేలం జిల్లాలో, మద్రాసు రాజధానిలో కలిసింది. మద్రాసు రాజధానిలో తెలుగువాళ్లు ఒక పెద్ద భాగం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు వచ్చాయి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడింది, 2004లో అందులోంచి కృష్ణగిరి జిల్లా విడిపోయింది. మనుషులు ఉన్న ఊళ్లోనే ఉన్నారు, గీతలు మాత్రం కదిలాయి. ఆ గీతలతో పాటు మన భాష అల్పసంఖ్యాకుల భాష అయింది.

1956లోనే రాజ్యాంగంలో 350-ఎ అనే అధికరణం చేర్చారు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని దాని సారాంశం. 2006లో తమిళనాడు చేసిన చట్టం ఒకటో తరగతి మొదలుకొని దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. ఇక్కడ పుట్టి ఇక్కడ బతికే పిల్లలకు తమిళం రావలసిందే, అందులో తగవు లేదు. తగవు ఎక్కడంటే, తమిళానికి చోటిచ్చేటప్పుడు తెలుగు చోటు పోకూడదన్న దగ్గర. పరీక్షలలో మినహాయింపు కోసం అల్పసంఖ్యాక భాషల బడులు న్యాయస్థానాల దాకా వెళ్లవలసి వచ్చింది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిందని మనమూ సంతోషించాం. కానీ ఢిల్లీలో వచ్చిన హోదా పల్లె బడికి తెలుగు పంతులును తెచ్చిపెట్టదు.

ప్రభుత్వాలను అడగవలసింది అడగాలి. పిల్లలు ఉన్న చోట తెలుగు ఉపాధ్యాయులు ఉండాలి, పాఠ్యపుస్తకాలు వేళకు అందాలి. అయితే మన చేతిలో ఉన్న పనీ ఉంది. మాట్లాడే తెలుగు మన ఇళ్లలో ఇంకా ఉంది. చదివే తెలుగు, రాసే తెలుగు తగ్గిపోతూ ఉన్నాయి. రాత్రి కూడు తిన్నాక పావుగంట సేపు పిల్లలకు అక్షరాలు దిద్దించండి. అవ్వ చెప్పే కతలు, పొలంలో వాడే పనిముట్ల పేర్లు, గింజల పేర్లు, పొడుపు కథలు ఒక పుస్తకంలో రాయించండి. బడిలో తెలుగు పాఠ్యాంశం ఉంటే పిల్లలను అందులో చేర్పించండి. పిల్లలు తక్కువయ్యారనే కారణంతోనే చాలాసార్లు తరగతులు మూతపడతాయి.

ఒక కవి ఆటగా అల్లిన 750 మాటల భాషకు లిపి వచ్చింది, పాట వచ్చింది. జామెన్‌హాఫ్ భాషను రెండు నియంతృత్వాలు అణచబోయినా, దాన్ని ప్రేమించినవాళ్లు నిలబెట్టుకున్నారు. మనకు భాషను కల్పించే కష్టం లేదు. పెద్దలు తయారుగా పెట్టిపోయారు. దాన్ని పిల్లల నోటికీ, చేతికీ అందించడం ఒక్కటే మన వంతు.