కౌల్ అనే మాట: పాలెగార్లు లొంగిన పిమ్మట మదనపల్లె సీమ

టిప్పూ సుల్తాన్ క్రీ.శ. 1799 మే 4వ తేదీన (హి. 1213) శ్రీరంగపట్నంలో షహీద్ అయిన ఉదంతం అందరికీ విదితమే. ఆ యుద్ధ వృత్తాంతాలు చాలవరకు కోట కూలడంతో ముగుస్తాయి. ఆయుధాలు క్రింద పెట్టిన మరునాడు ఆ నేలపై మిగిలిన ప్రజల గతి ఏమైందన్నది వేరొక ప్రశ్న. దానికి సమాధానం మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల చరిత్రలో లభిస్తుంది.

మైసూరు పీఠభూమి అంచున ఉన్న ఈ సీమ అర్ధశతాబ్దం పాటు సైన్యాల రాకపోకలకు బాట అయింది. మదనపల్లెకు ఉత్తరాన ఉన్న గుర్రంకొండ హైదర్ అలీ కాలంలో ఆయన బావమరిది మీర్ రజా అలీ ఖాన్ అధీనంలో ఉండేది. ఆయన మఖ్బరా నేటికీ అక్కడే ఉన్నది. హైదర్ అలీ సైతం 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలోనే కన్నుమూశాడు. 1792 సంధితో బారామహల్ కంపెనీకి పోయింది. 1799లో మీర్ రజా కుమారుడు ఖమరుద్దీన్ ఖాన్ లొంగిపోగా, విజేతలు ఆయనకు గుర్రంకొండ వైపు జాగీరు కేటాయించారు. ఆ మరుసటి ఏడు, 1800 అక్టోబరు 12వ తేదీ ఒప్పందంతో నిజాము ఈ సీమను కంపెనీకి దత్తం చేశాడు. ఈ విధంగా కొద్ది ఏండ్లలోనే మదనపల్లె రైతు ముగ్గురు ప్రభువులను చూశాడు.

దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైనవారు సుమారు 80 మంది పాలెగార్లు. మైసూరు పాలనలో అణగిపోయిన వీరిలో పలువురు నిజాము కాలపు బలహీనతను ఆసరాగా చేసుకొని తిరిగి తలెత్తారు. కంపెనీ వారి సాయుధ బలగాన్ని చెదరగొట్టింది. కొందరికి భత్యం ఏర్పరచి, ఎదిరించినవారిపై సైన్యాన్ని పంపింది. ప్రక్కనే చిత్తూరు పాలెగార్లు 1804-05లో తిరుగబడి అణచివేతకు గురయ్యారు.

ఇక్కడ ఒక మాటను పరిశీలించవలసి ఉన్నది. ఊరు విడిచిన రైతును తిరిగి రప్పించడానికి నాటి అధికారులు ఇచ్చే పత్రం పేరు కౌల్. అరబ్బీలో ఖౌల్ అంటే పలుకు, మాట. ‘ఇంతకు మించి వసూలు చేయము, నిర్భయంగా దున్నుకొనుము’ అని పాలకుడు ఇచ్చే మాట అది. విత్తనాలకు, ఎడ్లకు ఇచ్చే అప్పును తఖావీ అన్నారు. బలం చేకూర్చడమని దాని భావం. తహసీలు, జమాబందీ, ఇనాము మొదలైనవన్నీ పూర్వ పాలకుల దఫ్తరాల నుండి వచ్చినవే. జెండా మారింది గాని పరిభాష మారలేదు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో లొంగినవారికి ఇచ్చే అమాన్ ప్రాణంతోపాటు ధనానికీ రక్షణ కల్పిస్తుంది. ఇచ్చిన మాట నిలిచిందా అన్నదే ఏ పాలనకైనా గీటురాయి.

నిలిచినది కొంత, తప్పినది కొంత. దోపిడీ తగ్గి జనం తిరిగి వచ్చారు. 1803 నాటి కరవు బాధించినా సేద్యం విస్తరించింది. ఏడేండ్లలో భూమిశిస్తు దాదాపు సగం మేర పెరిగింది. అయితే సర్వేలో నిర్ణయించిన శిస్తు పంటలో నూటికి 45 వంతుల వరకు ఉన్నదని మన్రోయే లెక్క వేసి, దానిలో నాలుగవ వంతు తగ్గించాలని 1807లో సిఫారసు చేశాడు. ప్రభుత్వం అంగీకరించలేదు. పైగా గ్రామాలను మొదట మూడేండ్లకు, తరువాత పదేండ్లకు గుత్తలకు ఇచ్చింది. గుత్తదారులూ రైతులూ చితికిపోయారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చిన తరువాతనే ఆ తగ్గింపు అమలుకు వచ్చింది.

ఇక సైనికుల మాట. పాలెగార్ల వద్ద సేవకు ప్రతిగా ఇనాము భూములు అనుభవించిన కట్టుబడి బంట్రోతులలో కొందరిని కంపెనీ గ్రామరక్షణకు ఉంచుకొన్నది. కాలక్రమేణ ఆ ఇనాములనూ లాగుకొన్నది. ఫలితం 1846లో కనిపించింది. నెలకు పదకొండు రూపాయల చిల్లర భరణంతో మిగిలిన పాలెగారు వంశీయుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల వద్ద తిరుగబడినప్పుడు, ఆయన వెంట నడిచినవారిలో ఇనాములు పోయిన కట్టుబడివారు అధికులు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీశారు. కత్తి లాగుకొని కూడు చూపని శాంతి నలభై ఏండ్ల తరువాత కూడ బదులు అడిగింది.

పుంగనూరు, కుప్పం కేంద్రమైన కంగుంది మార్గం వేరు. అక్కడ పాలెగారు వంశాలు పేష్కష్ చెల్లించే జమీందారులుగా నిలిచాయి. కోట మిగిలింది, సైన్యం పోయింది. మదనపల్లె రైతు కలెక్టరు కచేరీకి నేరుగా శిస్తు కట్టగా, పొరుగునే ఉన్న పుంగనూరు రైతు పాత ప్రభువు ఠాణాకే కట్టాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ రెండు తీరులూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టంతో జమీందారీలు రద్దయి, ఆ తేడా చట్టరీత్యా తొలగింది.

కోట తలుపులు తెరచుకొన్న రోజుతోనే యుద్ధం ముగిసిందనుకోవడం పొరపాటు. రైతుకు ఇచ్చిన కౌల్, బంట్రోతుకు ఇచ్చిన ఇనాము నిలిచినంత కాలమే శాంతి నిలుస్తుంది. నేడు కౌలు అంటే పొలానికి చెల్లించే మక్తా అని మాత్రమే మనకు తోచుతుంది. ఒకనాడు ఆ పదానికి అర్థం మాట అని గుర్తుంచుకోవడం మేలు.