హ్యూమన్ సర్వీసెస్‌లో అసోసియేట్ డిగ్రీ
అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలలు అందించే హ్యూమన్ సర్వీసెస్ అసోసియేట్ డిగ్రీ సాధారణంగా 60 క్రెడిట్ల, రెండేళ్ల చదువు. మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రంతో పాటు ఆపదలో ఉన్నవారి మాట ఓపికగా వినడం, వారి వివరాలను నమోదు చేసి గోప్యంగా ఉంచడం నేర్పుతారు. అయితే ఈ చదువుకు ప్రాణం క్షేత్రశిక్షణే. నిరాశ్రయుల వసతి గృహాల్లో, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో, వ్యసన విముక్తి కేంద్రాల్లో పర్యవేక్షకుల కింద విద్యార్థులు పనిచేయవలసి ఉంటుంది.

ఉత్తీర్ణులు సేవాసంస్థల్లో సహాయకులుగా చేరవచ్చు. సోషల్ వర్కర్ లైసెన్సుకు మాత్రం సాధారణంగా ఇది చాలదు; రాష్ట్రాన్ని బట్టి సోషల్ వర్క్‌లో బ్యాచిలర్స్ లేదా మాస్టర్స్ పట్టా కావాలి. పైచదువు ఆశించేవారు క్రెడిట్ల బదిలీ సంగతి చేరకముందే విచారించుకోవాలి. ఉద్యోగమే లక్ష్యంగా రూపొందిన అప్లైడ్ సైన్స్ పట్టాలోని క్రెడిట్లన్నింటినీ విశ్వవిద్యాలయాలు అంగీకరించకపోవచ్చు. అప్పుడు మళ్లీ రుసుము చెల్లించి అదనపు పాఠ్యాంశాలు చదవక తప్పదు.