మూసీ వచ్చిన రాత్రి

1908 సెప్టెంబరు 28. హైదరాబాదు. ఇంకా తెల్లారలేదు. అఫ్జల్‌గంజ్ దగ్గర, మూసీ ఒడ్డునే మీ ఇల్లు. నిన్నటి నుంచి వాన తెరిపివ్వలేదు. ఎవరో తలుపు బాదుతుంటే మెలకువ వస్తుంది. మంచం మీంచి కాలు కింద పెడితే నీళ్లు.

చీకట్లో వాన చప్పుడు కాక ఇంకో చప్పుడు వినిపిస్తోంది. బరువుగా, ఆగకుండా. గోడ అదురుతోంది. పిల్లాణ్ని భుజానికెత్తుకుని వీధిలోకి వస్తారు. మోకాటి లోతు. నాలుగడుగులు వేసేసరికి నడుం లోతు.

ఎటు పోతారు? జనం వంతెన వైపు పరుగెత్తుతున్నారు. ఇటు ఆసుపత్రి తోటలో చింతచెట్టు ఉంది. ఒక్కటే ఎంచుకోవాలి.

చెట్టు.

కొమ్మ అందింది. పిల్లాణ్ని ముందు ఎక్కించండి. మీరూ ఎక్కండి. ఇంకా పైకి. చీమలు కూడా చెట్టెక్కాయి, చేతులు కుడుతున్నాయి. వదలకండి. వంతెన పోయింది. మీ వీధి పోయింది. పట్టు వదలకండి.

తెల్లారాక చూస్తే అదే చెట్టు మీద మీతో పాటు సుమారు 150 మంది. కింద దూలాలు, గొడ్లు, మనుషులు కొట్టుకుపోతున్నారు. ఆ ఒక్క వరదకు దాదాపు 15,000 మంది పోయారని చెబుతారు.

ఇన్ని నీళ్లు ఒక్కసారిగా ఎక్కడివి?

1909 ఏప్రిల్‌లో ఆ సంగతి తేల్చడానికి నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజినీరు వస్తాడు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య. బొంబాయి ప్రభుత్వంలో కొలువు చేసి, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టినవాడు. పూర్వికులది మన గిద్దలూరు వైపు మోక్షగుండమే. ఊళ్లో కూలిన ఇళ్ల దగ్గరే ఆగిపోడు, ఎగువ సంగతి ఆరా తీస్తాడు. ఆయన మనుషుల వెంట మీరూ కొలతగొలుసు పట్టుకుని బయల్దేరండి.

ఇదిగో చెరువు. కట్ట నడుమ గండి. కోసుకుపోయిన మట్టిలోంచి తూము రాళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. అడుగున నీళ్లు లేవు, ఎండి పగిలిన బురదే. కిందికి నడిస్తే ఇంకో చెరువు, దానికీ గండే. పైది తెగి కిందిదాని మీద పడింది. అది దాని కిందిదాని మీద. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయి. ఆ రాత్రి మీ మంచం కిందికి వచ్చినవి ఆ చెరువుల నీళ్లు కూడా.

ఒడ్డున గోడలు లేపినంత మాత్రాన ఈ నీళ్లు ఆగవు. ఊరికి చేరకముందే వరదను పట్టి, మెల్లగా వదలాలి. మూసీ మీద ఒక జలాశయం, దాని ఉపనది ఈసీ మీద ఒకటి కట్టమని ఆయన రాసిస్తాడు. అవే 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ అయ్యాయి. హైదరాబాదుకు తాగునీళ్లూ ఇచ్చాయి. ఒక ఇంజినీరు ఊరికి ఇంతకన్నా ఏమిస్తాడు?

2020 అక్టోబరులో అదే నగరంలో పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగాయి. బస్తీలు మునిగాయి. స్థలం కొనే ముందు చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు చేరే మట్టం) హద్దురాయి ఎక్కడుందో స్వయంగా వెళ్లి చూడండి. స్థలం ఆ రాయికి లోపల ఉంటే, ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.